వాంపైర్‌ని ప్రేమిస్తే ఎవరు ఏం పోగొట్టుకుంటారు?

విశాఖలో కథలు రాస్తున్న కుర్రకారుతో కూర్చుంటే ఈమధ్య కనీసం ఒక వాంపైర్ ప్రేమకథైనా చేతికొస్తోంది. వాంపైర్ అంటే చచ్చాక కూడా తన ఒంటితోనే తిరుగుతూ మనుషుల రక్తం తాగి బతికేవాడు. అమ్మాయి ఇంజినీరింగో డిగ్రీయో చదువుతూ ఉంటుంది. అబ్బాయి చూడ్డానికి ఇరవై ఏళ్ళవాడు, పుట్టి మాత్రం నూరేళ్ళు దాటిపోయాయి. రాత్రిళ్ళే కనిపిస్తాడు. చెయ్యి చల్లగా ఉంటుంది. ఆమె మెడ వంక చూడకుండా ఉండటానికి నానా అవస్థా పడుతుంటాడు. ఇలాంటివి ఫోన్‌లో ఎపిసోడ్లుగా చదివే తెలుగు పాఠకులు చాలామందే ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళ మాట మాత్రం ఒక్కటే: "పీక కొరికేవాణ్ణి ప్రేమించడమేంటమ్మా?"

నాకది చాలా సరైన ప్రశ్న అనిపిస్తుంది. దాన్ని దాటేసి రాసిన కథలు తేలిపోతాయి. దానికి గట్టిగా జవాబు వెతుక్కున్న కథలే నిలబడ్డాయి. ఏ ప్రేమలోనైనా ఇద్దరిలో ఒకరికి బలం కాస్త ఎక్కువ ఉంటుంది. ఇక్కడ ఆ తేడా ప్రాణం తీసేంత ఉంది. ఒకరు వేటాడేవారు, ఇంకొకరు వాళ్ళ ఆహారం. ఒకరికి చావే లేదు, ఇంకొకరికి మహా అయితే ఎనభై ఏళ్ళు. ఇంత తేడా ఉన్నచోట ఆ అమ్మాయి "సరే" అన్నా ఆ మాటకి విలువ ఎక్కణ్ణుంచి వస్తుంది? బలవంతుడు దేనికి కట్టుబడ్డాడు, ఎవరు ఏం వదులుకున్నారు అన్నదాన్నిబట్టే వస్తుందని నా నమ్మకం. అలా చదివితే ఎండ తగిలితే చావడం, పిలవందే గడప దాటకపోవడం అంటూ గజిబిజిగా కనిపించే రూల్స్ అన్నీ ఎందుకొచ్చాయో అర్థమవుతుంది.

మొదట్లో వాంపైర్‌కి అందచందాలేమీ లేవు. 18వ శతాబ్దంలో సెర్బియా పల్లెలు భయపడింది ఒళ్ళు ఉబ్బి, మొహం ఎర్రబడి, నోటి చివర నెత్తురుతో సమాధిలోంచి లేచొచ్చే శవానికి. మెద్వెజా అనే ఊళ్ళో వరసగా మనుషులు చనిపోతుంటే, అంతకుముందే పోయిన ఆర్నాల్డ్ పావోలె అనే అతనితోనే ఇదంతా మొదలైందని ఊరు నమ్మింది. ఆస్ట్రియా సైన్యంలో వైద్యుడు ఫ్లూకింగర్ సమాధులు తవ్వించి, చూసింది చూసినట్టు 1732లో నివేదిక రాశాడు. కొన్ని శవాలు కుళ్ళలేదని, కొత్త గోళ్ళు వచ్చాయని, లోపల రక్తం తాజాగా ఉందని అందులో ఉంది. ఇవాళ వైద్యం చదివినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. లోపల గ్యాస్ పుట్టి ఒళ్ళు ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి నల్లటి ద్రవం నోట్లోంచి బయటికొస్తుంది, చర్మం వెనక్కి జరిగి గోళ్ళు పెరిగినట్టు కనిపిస్తాయి. చివరికి 1755లో మహారాణి మరియా థెరిసా ఈ సమాధులు తవ్వే పనిని నిషేధించింది.

ఈ కథంతా శవాన్ని పాతిపెట్టే చోట పుట్టిందన్న సంగతి తెలుగులో రాసేవాళ్ళు గట్టిగా పట్టించుకోవాలి. మన దగ్గర పాతిపెట్టేవాళ్ళు చాలామందే ఉన్నా, మన ఊహలో మాత్రం చావు అంటే ముందు గుర్తొచ్చేది చితి. కాలిపోయాక ఒళ్ళు మిగలదు. అందుకే మన దెయ్యానికి సొంత ఒళ్ళు ఉండదు, ఇంకొకరిని పట్టుకోవాలి. పట్టిన దెయ్యం వేరే గొంతుతో మాట్లాడుతుంది, వేరే మనిషి కళ్ళతో చూస్తుంది. ఒంట్లో ఉండే భేతాళుడిది కూడా అద్దె ఒళ్ళే, చెట్టుకి వేలాడే ఎవరిదో శవం. పైగా ఆయన రక్తం అడగడు, చిక్కుప్రశ్న అడుగుతాడు.

ప్రేమకథకి ఒళ్ళు కావాలి. చెయ్యి పట్టుకోవాలి, పక్కన కూర్చోవాలి, మొహం గుర్తుపట్టాలి. దెయ్యం ప్రేమిస్తే మధ్యలో ఒంటిని అరువిచ్చిన మూడో మనిషి వచ్చిపడతారు. వాళ్ళ ఇష్టాయిష్టాలు ఎవరూ అడగరు. వాంపైర్ అలా కాదు. చచ్చిపోయినా తన మొహం తనదే, తన చేతులు తనవే. చావూ దేహమూ ఒకే మనిషిలో దొరికే పాత్ర మన జానపదంలో అంత తేలిగ్గా దొరకదు కాబట్టే మన పిల్లలు దాన్ని బయటినుంచి తెచ్చుకున్నారని నేననుకుంటాను. ఇదేదో ఇంగ్లిష్ మోజు అని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే.

శవం కాస్తా ప్రేమికుడు ఎలా అయ్యాడు? 1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద వల్ల మరుసటి ఏడు యూరప్‌కి సరైన ఎండాకాలమే రాలేదు. ఎడతెగని వానలో జెనీవా సరస్సు పక్కన ఒక బంగళాలో కవి బైరన్, మేరీ షెల్లీ, మిగతా స్నేహితులు దెయ్యం కథలు రాద్దామని పందెం వేసుకున్నారు. అక్కడున్న బైరన్ వైద్యుడు జాన్ పొలిడోరి ఆ రోజుల ప్రభావంతో రాసిన కథ 1819లో అచ్చయింది, అదీ మొదట బైరన్ పేరుతో. అందులో వాంపైర్ పల్లెటూరి శవం కాదు. లార్డ్ రుత్వెన్ అనే జమీందారు, లండన్ విందుల్లో అందరి కళ్ళూ అతనిమీదే. అతనికి ఒక అమ్మాయినిచ్చి పెళ్ళి చేస్తారు. అతనెవరో తెలిసిన ఒకే ఒక్కడు ఆమె అన్న. ఎవరికీ చెప్పనని ఏడాదిపాటు ఒట్టేసి ఉన్నాడు, నోరు విప్పలేకపోయాడు. పెళ్ళిరాత్రే ఆ అమ్మాయి చనిపోతుంది.

ఇంగ్లిష్ గద్యంలో వాంపైర్‌తో తొలి పెళ్ళి ఇది. ఆ పెళ్ళికూతురికి మొగుడెవరో తెలీదు. తెలిసిన ఇద్దరూ, అంటే ఆ మొగుడూ అన్నా, చెప్పలేదు. ఆమె ఒప్పుకుంది నిజమే కానీ, తెలియకుండా ఒప్పుకున్న ఒప్పందం ఏం ఒప్పందం? ఆ తర్వాత రెండు శతాబ్దాలపాటు ఈ సాహిత్యం చేసిన పనంతా ఆ అమ్మాయికి నిజం తెలిసేలా చెయ్యడమే అంటాను. ఇవాళ్టి ప్రతి వాంపైర్ ప్రేమకథలోనూ "నువ్వెవరో నాకు తెలుసు" అని హీరోయిన్ అనే సీను ఒకటుంటుంది. అది వట్టి డ్రామా కోసం పెట్టింది కాదు, 1819లో పెళ్ళిరాత్రి చనిపోయిన ఆ పిల్లకి దక్కనిది ఈమెకి దక్కుతోంది.

1872 నాటి 'కార్మిల్లా'లో ప్రేమా ఆకలీ ఒకే గొంతుతో మాట్లాడతాయి, అదీ ఇద్దరు అమ్మాయిల మధ్య. షెరిడన్ లెఫాను రాసిన ఆ చిన్న నవల గురించి విడిగా ఒక వ్యాసం రాయాలి. పాతికేళ్ళ తర్వాత 1897లో బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' వచ్చింది. చాలామంది అదొక ప్రేమకథ అనుకుంటారు. నవల్లో డ్రాక్యులాది ప్రేమ కాదు. మీనా అనే పెళ్ళైన అమ్మాయికి డ్రాక్యులా తన రక్తం బలవంతంగా తాగిస్తాడు, ఆ పేజీలు చదవడానికే కష్టంగా ఉంటాయి. ఆమె అతని గతజన్మ భార్య అన్నది సినిమావాళ్ళు తర్వాత కలిపింది. 1974లో టీవీకి తీసిన డ్రాక్యులాలో ఆ పోకడ ఉంది, 1992లో కొప్పోలా సినిమాతో అది స్థిరపడిపోయింది. 'మూగమనసులు' చూసి కన్నీళ్ళు పెట్టుకున్న తెలుగువాళ్ళకి ఆ పునర్జన్మ వింతగా తోచదు. అయితే అందులో ఒక మాయ కూడా ఉంది. ఆమె పోయిన జన్మలో నా భార్య అన్నామంటే, ఈ జన్మలో ఆమెని అడగాల్సిన అవసరం తప్పిపోతుంది. బంధం ముందే ఖాయమైపోయింది కదా! తెలుగు రచయితలు ఈ దారి పట్టేముందు ఒకసారి ఆగి ఆలోచించాలి, ఎందుకంటే మన పాఠకులు పునర్జన్మని ఇట్టే నమ్మేస్తారు, ఆమె ఒప్పుకుందా అని అడగడం మర్చిపోతారు.

ఎండ సంగతి కూడా ఇలాంటిదే. స్టోకర్ నవల్లో డ్రాక్యులా పగటిపూట లండన్ వీధుల్లో నడుస్తాడు, శక్తులు తగ్గుతాయంతే. సూర్యుడు తగిలితే చావడం 1922 నాటి జర్మన్ మూకీ సినిమా 'నోస్ఫెరాటు'తో వచ్చింది. అందులో ఎలెన్ అనే ఆమె వాంపైర్‌కి తన రక్తాన్ని తానే ఇష్టపడి ఇస్తుంది. కోడికూసే వేళ దాటిపోతున్నా అతను గమనించకుండా తన దగ్గరే ఉంచుకుంటుంది. అతను వెలుతురు తగిలి మాయమవుతాడు, ఆమె కూడా దక్కదు. ఎండకి చచ్చిపోయే రూల్ ఒక స్త్రీ తెలిసి తెలిసి తీసుకున్న నిర్ణయంతో కలిసి పుట్టిందన్నమాట. ఈ విషయం నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది.

ఆ తర్వాత 1976లో ఆన్ రైస్ వాంపైర్‌కి మైకు ఇచ్చింది. స్టోకర్ నవలంతా ఇతరుల డైరీలూ ఉత్తరాలే, డ్రాక్యులా తన కథ తాను చెప్పుకోడు. రైస్ నవల్లో వాంపైరే కూర్చుని తన బాధ చెప్పుకుంటాడు. లుకేమియాతో చిన్న కూతుర్ని పోగొట్టుకున్న తల్లి రాసిన పుస్తకం అది, ఎప్పటికీ పెరగని ఒక చిన్నపిల్ల వాంపైర్ అందులో ఉంది. చావు లేకపోవడం కూడా శిక్షే అని ఆ పాత్ర చూపిస్తుంది. ఆమాట మనకి కొత్త కాదు. ఒంటినిండా పుండ్లతో, పలకరించే దిక్కులేక మూడువేల ఏళ్ళు తిరగమని అశ్వత్థామకి కృష్ణుడిచ్చిన శాపం గుర్తుచేసుకోండి.

ఇక గడప దగ్గరికి వద్దాం. ఈ సాహిత్యంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రూల్ ఇది. ఇంట్లోవాళ్ళు ఎవరైనా పిలిస్తేనే వాంపైర్ మొదటిసారి లోపలికి రాగలడు, ఒకసారి వచ్చాక మాత్రం ఎప్పుడైనా రావచ్చు. స్టోకర్ పెట్టిన షరతు ఇది. తర్వాతివాళ్ళు దీన్ని ఎంత బాగా సానబెట్టారో చూడండి. 2001లో మొదలైన షార్లైన్ హారిస్ నవలల్లో హీరోయిన్ ఇచ్చిన పిలుపుని వెనక్కి తీసుకోగలదు. "వెళ్ళిపో" అందంటే, ఎంత బలమున్న వాంపైరైనా తన ప్రమేయం లేకుండా కాళ్ళు వెనక్కి నడుస్తూ బయటికి పోవాల్సిందే. ఒకసారి ఇచ్చిన అనుమతి జన్మంతా చెల్లదని ఇంత తేలిగ్గా చెప్పిన ఇంకో ఊహ నాకు తెలీదు. 2004లో స్వీడన్ నుంచి వచ్చిన లిండ్‌క్విస్ట్ నవల ఇంకో అడుగు వేసింది. పిలవకుండా లోపలికొస్తే ఏమవుతుందని కుర్రాడు అడుగుతాడు. ఎలీ అనే వాంపైర్ పిల్ల పిలుపు లేకుండానే గడప దాటి చూపిస్తుంది. కళ్ళలోంచి, చెవుల్లోంచి, చర్మంలోంచి నెత్తురు కారడం మొదలవుతుంది. ఆ పిల్లాడు భయపడి "రా, రా, నువ్వు రావచ్చు" అని పిలిచేదాకా ఆగదు. హద్దు దాటితే దెబ్బ తగిలేది బలం ఉన్నవాళ్ళకే. ఆ ఒక్క సీనుతో పాఠకుడికి వాళ్ళిద్దరి మీదా నమ్మకం కుదిరిపోతుంది.

ఇదే రూల్ విశాఖ ఇంట్లోకి వస్తే? ఆ మధ్య ఒక అమ్మాయి రాసి తెచ్చిన కథ పెదవాల్తేరులోని ఒక పాత ఇంట్లో జరుగుతుంది. పొద్దుగూకింది, లైటు వేశారు, గేటు దగ్గర కుర్రాడు నిలబడ్డాడు. వాడెవడో హీరోయిన్‌కి తెలుసు, వాళ్ళమ్మకి తెలీదు. తల్లి గుమ్మంలోకొచ్చి చూసి వెంటనే, "ఎవరు బాబూ? అక్కడే నిలబడిపోనావేటి? లోపలికి రా, టీ పెడతాను" అంది. అంతే, పిలుపు వచ్చేసింది! ఇంగ్లిష్ నవల్లో నలభై పేజీల టెన్షన్‌తో నడిచే విషయం మన ఇంట్లో ఒక్క వాక్యంలో అయిపోయింది. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి లోపలికి పిలవకపోవడమే మనకి తప్పు.

ఆ అమ్మాయి ఇది రాసి అక్కడితో ఊరుకుంది, కుర్రాడు లోపలికొచ్చి కూర్చున్నాడు. నేను ఒకటే అడిగాను: తెలియనివాళ్ళు ఇచ్చిన పిలుపు వాడుకుంటే వాడికీ, 1819 నాటి రుత్వెన్‌కీ తేడా ఏముంది? ఆమె తిరగరాసి తెచ్చింది. ఈసారి కుర్రాడు "పర్లేదండీ, ఇక్కడే బాగుంది" అని మెట్లమీదే కూర్చుంటాడు. నిజం తెలిసిన మనిషి పిలిచేదాకా లోపలికి అడుగుపెట్టనని వాడి పట్టుదల. టీ ముట్టుకోడు, నీళ్ళు ముట్టుకోడు. రోజూ ఇదే తంతు. వారం తిరక్కముందే తల్లి మొహం మాడ్చుకుని కూతుర్ని అడుగుతుంది: "మనింట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోడేటి? ఏటోళ్ళే వాళ్ళు?" గౌరవంతో బయట ఆగినవాడు అవమానించినవాడయ్యాడు. కులం అడిగేదాకా వెళ్ళింది వ్యవహారం. ఈ చిక్కు ఏ ఇంగ్లిష్ నవల్లోనూ రాదు, ఈ ఊళ్ళో ఈ ఇంట్లోనే వస్తుంది. చేతిలో ఇంత సరుకు పెట్టుకుని కోటలూ పొగమంచూ ఎందుకు అరువు తెచ్చుకోవాలి?

గడప దగ్గర ఆపే అలవాటు కూడా మనకి ఉంది, అది వేరే రూపంలో. రాత్రి తెలిసిన గొంతుతో పిలిచే దెయ్యం వస్తుందన్న పుకారు పుట్టి, ఊళ్ళకి ఊళ్ళు తలుపులమీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు పెద్దవాళ్ళకి గుర్తే. పొమ్మని తిట్టలేదు, రమ్మని పిలవలేదు, రేపు రమ్మన్నారు. రేపు వచ్చినా అదే రాత కనిపిస్తుంది. ఒక అమ్మాయి తన వాంపైర్‌కి ఆ మాటే రోజూ చెబుతూ ఏడాది గడిపితే అదెంత మంచి ప్రేమకథ అవుతుందో!

అన్నిటికన్నా ఎక్కువమంది చదివిన 'ట్విలైట్' ఈ గడప రూల్‌ని తీసేసింది. 2005లో స్టెఫనీ మేయర్ రాసిన ఆ నవల్లో ఎడ్వర్డ్ అనే వాంపైర్ కిటికీలోంచి వచ్చి, హీరోయిన్ బెల్లాకి తెలియకుండానే, ఆమె నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. విమర్శకులు దీనిమీద చాలా కోప్పడ్డారు, నాకూ ఆ కోపం న్యాయమే అనిపిస్తుంది. అయితే మేయర్ హద్దుని ఇంటి గడప నుంచి తీసి అతని మనసులో పెట్టింది. అతను మనిషి రక్తం ముట్టడు, జంతువుల వేటతో సరిపెట్టుకుంటాడు. ఆమె రక్తం వాసన అతనికి అందరి రక్తంకన్నా ఎక్కువ ఆకలి పుట్టిస్తుంది, అయినా ఆగుతాడు. అలా ఆగడమే ఆ నవల్లో ప్రేమ. పదిహేడేళ్ళ పాఠకురాలికి అదెందుకు నచ్చుతుందో అర్థం చేసుకోవచ్చు: తనంటే అంత కోరిక ఉన్నవాడు తనకోసం అంత నిగ్రహంగా ఉండటం. నా అభ్యంతరమల్లా ఒకటే. ఎదుటివాడి నిగ్రహం మీద ఆధారపడిన రక్షణ అతని చేతిలోనే ఉంటుంది, గడప మాత్రం ఆమె చేతిలో ఉంటుంది.

ఇక ఆయుష్షు. రెండో నవల మొదట్లోనే బెల్లాకి ఒక కల వస్తుంది. ఎదురుగా ముసలావిడ నిలబడి ఉంటుంది, బెల్లా ఆమెని తన అమ్మమ్మ అనుకుంటుంది. ఎడ్వర్డ్ పక్కకొచ్చాక తెలుస్తుంది, అది అద్దం, ఆ ముసలావిడ తనే. లేచి చూస్తే ఆ రోజు పద్దెనిమిదో పుట్టినరోజు. అతను 1918 ఇన్‌ఫ్లుయెంజాలో చావబోతూ వాంపైర్ అయినవాడు, ఎప్పటికీ పదిహేడు దాటడు. ఈ సిరీస్‌లో నిజంగా భయపెట్టే పేజీ ఇదే. రక్తం గురించిన భయం ఒక రాత్రితో తీరుతుంది, ఈ భయం ప్రతి పుట్టినరోజుకీ పెరుగుతుంది.

ఇక్కడ కథకి ఉన్న దారులు నాలుగే. మనిషి చనిపోవాలి, లేదా మనిషి వాంపైర్ అవ్వాలి, లేదా వాంపైర్ మనిషి అవ్వాలి, లేకపోతే విడిపోవాలి. 2008లో మేయర్ రెండోది ఎంచుకుంది. బెల్లా మారిపోయింది, అందం పెరిగింది, బిడ్డ దక్కింది, తండ్రితో రాకపోకలు కూడా తెగలేదు. ఆమె పోగొట్టుకున్నది దాదాపు ఏమీ లేదు. నాకు ఆ ముగింపు తేలికైపోయినట్టు అనిపించడానికి కారణం అదే. మూడు పుస్తకాలపాటు ఎంతో పెద్దదని చెప్పిన బాకీ నాలుగో పుస్తకంలో మాఫీ అయిపోయింది.

మన దగ్గర ఈ లెక్కని ఇంకోలా కట్టిన కథలు ఆదిపర్వంలోనే రెండున్నాయి. లక్క ఇంట్లోంచి తప్పించుకున్న పాండవులు అడవిలో నిద్రపోతుంటే, వాళ్ళని చంపి తెమ్మని హిడింబాసురుడు చెల్లెల్ని పంపుతాడు. తినడానికి వచ్చిన హిడింబి కాపలా ఉన్న భీముణ్ణి చూసి మనసు పారేసుకుంటుంది. వేటకి వచ్చి వేటనే ప్రేమించడం, సరిగ్గా వాంపైర్ కథ! కానీ చూడండి, ముందుగా వదులుకున్నది ఆమె. తనెవరో, ఎందుకొచ్చిందో దాచకుండా చెప్పేసింది. అన్న చావు కళ్ళారా చూసింది. ధర్మరాజు పెట్టిన షరతుకి ఒప్పుకుంది: పగలంతా భీముణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్ళవచ్చు, చీకటిపడేసరికి తెచ్చి అప్పగించాలి. కొడుకు పుట్టేదాకానే ఈ కాపురం. రాక్షసులకి బలం ఇచ్చే రాత్రిని ఆమె వదులుకోవాల్సి వచ్చింది. రాత్రిళ్ళు మాత్రమే కలిసే వాంపైర్ జంటకి ఇది పూర్తిగా తిరగేసిన ఒప్పందం. బలమున్న మనిషి తన బలం పనిచేసే వేళనే ధారపోసింది.

రెండోది రురుడి కథ. పెళ్ళికి ముందే ప్రమద్వర పాముకాటుతో చనిపోతుంది. నీ ఆయుష్షులో సగం ఇస్తే బతుకుతుందని దేవదూత చెబుతాడు. రురుడు క్షణం ఆలోచించకుండా ఇచ్చేస్తాడు, ఆమె నిద్రలోంచి లేచినట్టు లేస్తుంది. ఇది ఆ నాలుగు దారుల్లో దేనికిందకీ రాదు. ఇద్దరూ మనుషులుగానే ఉన్నారు, ఉన్నదాన్ని పంచుకున్నారు. దీన్ని వాంపైర్‌కి అన్వయిస్తే ఒక చిక్కొస్తుంది. అంతులేని ఆయుష్షులో సగం కూడా అంతులేనిదే. పంచివ్వాలంటే ముందు తన ఆయుష్షుకి ఒక అంతు ఉండాలి. అంటే అతను ముందు చావుకి ఒప్పుకోవాలి. ఎవరో మంత్రం వేస్తే మనిషైపోవడం కాదిది, తనంతట తాను ఒక లెక్కకి కట్టుబడటం.

విశాఖలో ఈ కథ రాసేవాళ్ళకి ఊరు చాలా సాయం చేస్తుంది. ట్విలైట్ జరిగే ఫోర్క్స్ ఊరిని మేయర్ ఎంచుకుందే అక్కడ వానా మబ్బూ ఎక్కువని. మనకా సుఖం లేదు. ఆర్కే బీచ్‌లో సూర్యుడు నేరుగా సముద్రంలోంచి లేస్తాడు, మధ్యలో అడ్డం లేదు. జూన్‌లో ఐదుంబావు దాటేసరికి వెలుతురు మొహాన పడుతుంది, రాత్రి పదకొండు గంటలు కూడా ఉండదు. డిసెంబరులో దాదాపు పదమూడు గంటల రాత్రి దొరుకుతుంది. కాబట్టి వాళ్ళ ప్రేమకి కార్తీకం, మార్గశిరం పండగ, రోహిణి కార్తె కష్టకాలం. రాత్రిళ్ళు మెలకువగా ఉండే మనిషిని ఇక్కడెవరూ అనుమానించరు కూడా, పోర్టూ స్టీల్ ప్లాంటూ నైట్ షిఫ్టులతో నడిచే ఊరిది. స్టోకర్ డ్రాక్యులాని విట్‌బీ రేవులో ఓడ దింపాడు, పైన కొండమీద చర్చి, సమాధులు. మన హార్బరు పక్కనే రాస్ హిల్ చర్చి, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ పక్కపక్కనే ఉన్నాయి. ఓడ దిగినవాడు ఏ కొండకి దండం పెడతాడన్న దగ్గరే కథ మొదలుపెట్టవచ్చు. భీమిలి డచ్చి సమాధుల దగ్గరికి మాత్రం ప్రతి కథా పరిగెత్తక్కర్లేదు, అక్కడ ఫొటోలు బాగా వస్తాయనే గాని చాలా కథల్లో దానికి పనేమీ ఉండటం లేదు.

పెళ్ళికీ దారి ఉంది. మనకి అర్ధరాత్రి ముహూర్తాలు మామూలే, అరుంధతిని చూపించేదీ చీకట్లోనే. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. అల్లుడు పండక్కి పగలు రాడు. ఐదేళ్ళకి అత్తగారు "మీ ఆయనకి ఒక్క వెంట్రుకా నెరవలేదే" అంటుంది. పదేళ్ళకి ఆ మాటలో మురిపెం పోయి ఇంకేదో వినిపిస్తుంది. కూతురు కూడా మారిపోయి ఉంటే మరీ కష్టం: తల్లి ముసలిదవుతూ ఉంటే కూతురు పెళ్ళినాటి ఫొటోలోలాగే ఉంటుంది. మన కథల్లో ప్రేమించిన అమ్మాయి ఒంటరి మనిషి కాదు. ఆమె ఏం పోగొట్టుకుంటుందో లెక్కేసేటప్పుడు ఆమె తల్లీ తండ్రీ పోగొట్టుకునేది కూడా ఆ లెక్కలోకి రావాలి. తల్లికి నిజం ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది మన కథలో సగం కథ.

పెదవాల్తేరు కథ రాసిన అమ్మాయి ప్రస్తుతం ఇక్కడే ఆగింది. రురుడి ఒప్పందమే పెట్టాలనుకుంటోంది, కుర్రాడు తన ఆయుష్షుకి అంతు ఒప్పుకుంటాడు. దాన్ని ఆఖరి అధ్యాయానికి దాచుకోవద్దని ఆమెతో అన్నాను. చివర పెడితే అది త్యాగంగా మెరిసి కథ అయిపోతుంది. మధ్యలో పెడితే నూరేళ్ళ తర్వాత మొదటిసారి జ్వరం వచ్చినవాడు, మొదటిసారి ఎండలో వెళ్ళి రేషన్ తెచ్చినవాడు, అత్తగారి చేతి మంచినీళ్ళు మొదటిసారి తాగినవాడు మనకి కనిపిస్తాడు. మిగిలిన ఏళ్ళు ఇద్దరికీ లెక్కప్రకారం తరుగుతుంటే వాళ్ళు ఎలా దెబ్బలాడుకుంటారో, ఎలా డబ్బు దాచుకుంటారో, ఆ పోగొట్టుకున్న అమరత్వం గురించి ఎవరు ఎవరిని దెప్పుతారో చూడొచ్చు. వాంపైర్ ప్రేమకథలో ఆ సగాన్ని తెలుగులో నేనింకా చదవలేదు. ఆమె రాస్తే మొదట చదివేది నేనే.